పైలట్ ఆర్పించే పెద్దాయన

ఆ ఉదయం మా ఏరియా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో వచ్చిన మెసేజ్ ముందు ఎవరికీ అర్థం కాలేదు. తన తండ్రిగారు కాలం చేశారని ఒకావిడ రాసింది. కింద ఆయన పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా ఉంది. అరగంట దాకా ఒక్కరూ ఉలకలేదు, పలకలేదు. చివరికి ఎవరో "గ్యాస్ అంకులేనా అండీ?" అని అడిగారు. అవునండీ అంది ఆవిడ. అంతే, దణ్ణం బొమ్మలు వరసకట్టాయి. నేను బ్లాక్‌టౌన్ స్టేషన్లో, రైలు రద్దయిందన్న బోర్డు కింద నిలబడి వాటిని చూస్తూ ఉండిపోయాను. నా వంతు బొమ్మ పెట్టడానికి వేలు కదల్లేదు. దానికో కారణం ఉంది, చెప్తాను.

ఆయన పేరు నేనిక్కడ రాయను. ఆ పేరుతో ఆయన నాకు తెలియరు. నాకు తెలిసింది చేతులు వెనక్కి కట్టుకుని, మెడ కాస్త ముందుకు చాపి, మా హాల్లో గోడ హీటర్ ముందు నిలబడే ఒక సన్నటి మనిషి. ఎండాకాలంలో కూడా మణికట్టు దాకా గుండీలు పెట్టుకున్న పొడుగు చేతుల చొక్కా, కాళ్ళకి మనవడు వదిలేసిన బూట్లు. ఆ బూట్ల మడమల్లో నడిచినప్పుడల్లా ఎర్ర దీపాలు వెలిగేవి. ఆయనకి ఆ సంగతి తెలుసో తెలియదో నేనెప్పుడూ అడగలేదు.

రౌస్ హిల్ వైపు కొత్త ఇళ్ళన్నీ చూసి చూసి అలిసిపోయి, మేం బ్లాక్‌టౌన్‌లో ఈ పాత ఇటుకల ఇంట్లో పడ్డాం. హాల్లో గ్యాస్ హీటర్, పెరట్లో గ్యాస్‌తో నడిచే వేణ్ణీళ్ళ ట్యాంకు. రెండూ పాతవే. ఇలాంటి వాటి లోపల ఎప్పుడూ గోరంత నీలి మంట ఒకటి వెలుగుతూ ఉంటుంది. దాన్నే పైలట్ అంటారు. మనం హీటర్ వేసినప్పుడు పెద్ద మంట దాన్నుంచే అంటుకుంటుంది. మా అత్తగారు ఇక్కడికి వచ్చిన కొత్తలో మా ట్యాంకు పైలట్ రోజూ పొద్దున్నకల్లా ఆరిపోయి ఉండేది. ఇల్లంతా చన్నీళ్ళ స్నానాలు. ఫిట్టర్ రెండుసార్లు వచ్చి వెలిగించి, అంతా బాగానే ఉందని చెప్పి వెళ్ళాడు. మర్నాడు మళ్ళీ అదే కథ. పిల్లల ఏడుపులు, నా ఆఫీసు ఆలస్యాలు, మా ఆయన మీద నేను, నా మీద ఆయన విసుక్కోవడాలు. అప్పుడు గ్రూపులో ఎవరో ఈ అంకుల్ ఫోన్ నంబరిచ్చారు.

బస్సులో వచ్చారు. ట్యాంకు వైపు కన్నెత్తి కూడా చూడలేదు. హాల్లో కూర్చుని, మంచినీళ్ళు తాగి, మా అత్తగారి వైపు తిరిగారు. "అక్కయ్యగారూ, పడుకోబోయే ముందు మీరు ఏమేం చేస్తారో వరసగా చెప్పండి" అన్నారు. ఆవిడ పాలు తోడుపెట్టడం, తలుపు గడియ, లైట్లు అన్నీ చెప్పి, గ్యాస్ కట్టేసి పడుకుంటానని ముగించింది. ఎక్కడ కట్టేస్తారని అడిగితే బయటికి తీసుకెళ్ళి చూపించింది. మన దగ్గర రెగ్యులేటర్ కట్టకుండా ఎవరమైనా నిద్రపోతామా? ఇక్కడి వంటింట్లో సిలిండరూ లేదు, రెగ్యులేటరూ లేదు. ఆవిడ పైపు పట్టుకుని వెతుక్కుంటూ వెళ్ళి, ఇంటి ముందు మీటర్ దగ్గర ఇంటి మొత్తానికి ఉన్న మీట కనిపెట్టింది. రాత్రి పడుకోబోయే ముందు దాన్ని తిప్పేసి, పొద్దున కాఫీకి ముందు తెరిచేది. ఇంటికంతటికీ గ్యాస్ ఆగిపోతే పైలట్ ఎలా బతుకుతుంది?

నాకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఆయన నవ్వలేదు. అది ఆవిడ తప్పు కాదని, మనందరి చేతికీ ఉన్న అలవాటేనని అన్నారు. ఇప్పటికి నాలుగిళ్ళలో చూశారట. పైలట్ ఆరిపోగానే గ్యాస్‌ని తనంతట తనే ఆపుకునే ఏర్పాటు మా ట్యాంకులో పనిచేస్తోంది కాబట్టి సరిపోయింది, అది పాడైపోయి ఉంటే పొద్దున మీటర్ దగ్గర మీట తెరవగానే గ్యాస్ ఊరికే బయటికొచ్చేది, అని మెల్లగా ఆవిడకి అర్థమయ్యేలా చెప్పారు. మనవాళ్ళ ఇళ్ళల్లో చన్నీళ్ళు వస్తున్నాయంటే యంత్రాన్ని కాదు, ముందు ఇంట్లో పెద్దవాళ్ళని అడగాలన్నది ఆయన సిద్ధాంతం.

ఆయనది తెనాలి దగ్గర ఓ చిన్న టౌను. గ్యాస్ ఏజెన్సీలో ముప్ఫై ఏళ్ళు మెకానిక్‌గా చేశారు. ఇక్కడికొచ్చిన మొదటి ఏడాది తన మీద తానే చెప్పుకునే కథ ఒకటుంది. ఎవరింట్లోనో వాసన వస్తోందంటే వెళ్ళి, నేల మీద బోర్లా పడుకుని గచ్చంతా మూచూశారట. సిలిండర్ గ్యాస్ బరువు, కిందికి దిగుతుంది. ముప్ఫై ఏళ్ళూ ఆయన ముక్కు నేలకే అలవాటు పడింది. అప్పుడే వచ్చిన ఇక్కడి ఫిట్టర్ ఆయన్ని దాటుకుంటూ వెళ్ళి, స్టూలు వేసుకుని సీలింగ్ దగ్గర వాసన చూశాడట. ఇక్కడ పైపుల్లో వచ్చే గ్యాస్ తేలిక, పైకి పోతుంది. "ముప్ఫై ఏళ్ళ సర్వీసు ఒక్క స్టూలుతో పోయిందమ్మాయ్" అనేవారు.

పనిముట్టు ఏదీ ముట్టరు. ఆయనకిక్కడ లైసెన్సు లేదు, అందుకే ఆ చేతులు వెనక్కి. ఏం తిప్పాలన్నా ఇంటివాళ్ళే తిప్పాలి. "ఇల్లు నీది, చెయ్యి నీది. నాది నోరొక్కటే." మేం ఇల్లు తాళం పెట్టి ఇండియా వెళ్ళే ముందు, మొదటిసారి నాతో మా హీటర్ పైలట్ ఆర్పించింది అలాగే. యంత్రం మీద అంటించిన కాగితం ముందు చదవమన్నారు. పెద్ద మంట ఆపేసి, ముందున్న గుండ్రటి మరను పైలట్ అన్న గుర్తు దగ్గరికి తెమ్మన్నారు. కాస్త లోపలికి నొక్కి, ఆఫ్ దాకా తిప్పమన్నారు. చిన్న అద్దంలోంచి నీలి మంట పోయిందో లేదో నన్నే వంగి చూడమన్నారు. తర్వాత పైపు మీదున్న మీటని పైపుకి అడ్డంగా వచ్చేలా తిప్పించారు. అడ్డంగా ఉంటే మూసినట్టు. ఆ రోజు నేను ఆఫీసు నుంచి తలనొప్పితో వచ్చి ఉన్నాను. ఇంత తతంగం దేనికి, ఉఫ్ అని ఊదేస్తే పోలేదా అన్నాను. "మంట పోతుందమ్మా. గ్యాస్ పోదు" అన్నారు.

ఆర్పిన తర్వాత అయిదు నిమిషాలు ఆగి, అప్పుడు వాసన చూడాలి. ఆ అయిదు నిమిషాలకి ఆయన గడియారం చూసేవారు కాదు. మెకానిక్ కాకముందు సిలిండర్లు వేసిన పాత డెలివరీ రూటు అప్పజెప్పేవారు. బస్టాండు సందులో మొదటిది కంపౌండరు గారిల్లు, రెండోది మెట్లున్న ఇల్లు, పక్కన కుక్క ఉన్న ఇల్లు, ఆ తర్వాత రెండు సిలిండర్ల టీచరమ్మ. అలా ఒక్కో గడపా దాటుకుంటూ రైల్వే గేటు దాకా వచ్చేసరికి సరిగ్గా అయిదు నిమిషాలయ్యేది. నేనోసారి ఫోన్లో చూశాను, పది సెకన్లు కూడా తేడా లేదు. చివర్న వాసన నువ్వే చూడమ్మా అనేవారు. ఇక్కడే మేమంతా ఒక తప్పు చేశాం. "మీరు చూశారుగా అంకుల్, చాలు" అనేవాళ్ళం. సూట్‌కేసులు సర్దుకోవాలి, పిల్లలకి టీకాలు వేయించాలి, ఆఫీసు పని అప్పజెప్పాలి. మా ముక్కులకి తీరికెక్కడ?

ఇక్కడ డిసెంబర్ అంటే నడి ఎండాకాలం, ఆ సెలవులకి మనవాళ్ళు పైలట్లు ఆర్పి ఇండియా వెళ్తారు కాబట్టి, నవంబర్ నుంచే ఆయనకి సీజన్. ఎవరు ఏ తేదీన బయల్దేరుతున్నారో చిన్న పుస్తకంలో రాసుకునేవారు. ఆ నెలన్నరా ఆయన నడకే మారిపోయేది. మిగతా ఏడాదంతా కూతురింట్లో టీవీ ముందు. ఓసారి నా కార్లో వస్తూ, అడక్కుండానే చెప్పారు. "మా అల్లుడు చాలా మంచివాడమ్మా. నన్ను ఏ పనీ ముట్టుకోనివ్వడు." ఆ మంచితనం ఆయన్ని ఎంత తినేస్తోందో ఆ గొంతులో వినిపించింది. ఒక్క ఫోనూ రాని నవంబర్ అంటే ఆయనకి ఎంత భయమో నాకు అప్పుడే తెలిసింది. తెలిసి కూడా నేను చేసింది తర్వాత చెప్తాను.

రెండేళ్ళ క్రితం నవంబర్లో ఒక శనివారం, నేను సరుకులు తేవడానికి వెళ్ళినప్పుడు ఆయన వచ్చారు. మా అత్తగారి చేత హీటర్ ఆఫ్ చేయించారు. ఆవిడ ఉతికిన బట్టలు ఆరేయడానికి పెరట్లోకి వెళ్ళింది. నేను సంచులతో తలుపు తీసేసరికి కుళ్ళిన ఉల్లిపాయ వాసన గుప్పుమంది. ఆయన హీటర్ ముందు, చేతులు వెనక్కి కట్టుకుని రూటు అప్పజెప్తూ, కుక్క ఉన్న ఇల్లు దాటి టీచరమ్మ దగ్గరికి వచ్చారు. నన్ను చూసి, "అంతా బాగుందమ్మా. వాసనేం లేదు" అన్నారు.

నేను సంచులు అక్కడే వదిలేసి ఆయన చెయ్యి పట్టుకుని బయటికి లాగాను. మొదట బిత్తరపోయారు. నా మొహం చూసి అర్థం చేసుకున్నారు. ఆ తర్వాత ఆయన చెప్పిన ఒక్క మాట కూడా పొల్లుపోలేదు. స్విచ్ ఏదీ ముట్టుకోవద్దన్నారు, తలుపు బార్లా తెరిచే ఉంచమన్నారు, పక్క సందులోంచి వెళ్ళి అక్కయ్యగారిని బయటికి తెమ్మన్నారు, మీటర్ దగ్గర కట్టేయమన్నారు, రోడ్డు దాటాకే ఫోన్ చెయ్యమన్నారు. గ్యాస్ కంపెనీ ఎమర్జెన్సీ వాళ్ళొచ్చి చూసి, హీటర్ వెనక మీట కంటే ముందున్న పైపు అతుకు వదులైందని, పాతబడితే అలా అవుతుందని, ఇంకా నయం తొందరగా చూసుకున్నారని చెప్పి, బిగించి వెళ్ళారు.

అప్పుడు మేమిద్దరం ఇంటి ముందు గడ్డి అంచున కూర్చున్నాం. ఎప్పట్నుంచి అంకుల్ అని అడిగాను.

"కిందటేడు చలికాలం జ్వరమొచ్చింది చూడు, అప్పట్నుంచి" అన్నారు. "కాఫీ వాసన కూడా రాదు. వస్తుందిలే, వస్తుందిలే అనుకున్నా."

అంటే పోయిన డిసెంబర్ అంతా ఆయన ఏ వాసనా తెలియకుండానే ఇల్లిల్లూ తిరిగి, బాగుందని చెప్పి, మమ్మల్ని విమానాలెక్కించారు. ఆ మాటే అన్నాను. ఆయన తలూపారు. తర్వాత, ఏదో చిన్న సాయం అడిగినట్టు అడిగారు.

"పదకొండు ఇళ్ళవాళ్ళు పిలిచారు. ఈ డిసెంబర్ ఒక్కటీ గడవనీ అమ్మా. మా అమ్మాయికి చెప్పమాక."

వద్దని చెప్పాలి. చెప్పలేకపోయాను. వాసన నేను చూస్తానన్నాను. ఆ మాట అంటున్నప్పుడే నాకు నీరసం వచ్చింది.

ఆ డిసెంబర్‌లో అలిసిపోయినంతగా నా జీవితంలో ఇంకే నెలలోనూ అలిసిపోలేదు. పదకొండు ఇళ్ళలో మాదొకటి పోగా పది. ఆఫీసయ్యాక, ఇంకా ఎండ మాడ్చేస్తుండగానే, ఆయన్ని ఎక్కించుకుని వెళ్ళేదాన్ని. ఆయన నోటితో నడిపించేవారు, ఇంటివాళ్ళు తిప్పేవారు, రూటు అప్పజెప్పడం అయ్యాక నేను స్టూలెక్కి సీలింగ్ దగ్గర, మూలల్లో, కిటికీ పైన గాలి పీల్చేదాన్ని. అందరికీ నన్ను తన అసిస్టెంటని చెప్పేవారు. మేనేజర్‌గా చేస్తున్నదాన్ని, నాకు అసిస్టెంటుగా ప్రమోషన్ వచ్చిందని మా ఆయన ఏడిపించేవాడు. నేను వాసన లేదు అనేదాకా అంకుల్ నా మొహం వైపే చూస్తూ నిలబడేవారు, పరీక్ష ఫలితం కోసం చూసినట్టు. అనగానే భుజాలు దిగేవి. థాంక్స్ అని ఒక్కసారి కూడా చెప్పలేదు. నాకు చెప్తే బాగుండుననీ అనిపించలేదు.

అన్నీ అయ్యాక హెలెన్స్‌బర్గ్ గుడికి తీసుకెళ్ళమన్నారు. హారతి కళ్ళకద్దుకుని, ఆ అరచేతుల్ని ముక్కు దగ్గర కాసేపు పెట్టుకున్నారు. తర్వాత చేతులు దించేసి, కర్పూరం కూడా తెలియడం లేదని నాకే వినపడేట్టు అన్నారు.

మరుసటి ఏడాది నా వల్ల కాలేదు. పెద్దాడిది హెచ్.ఎస్.సి., అంటే ఇక్కడి ఇంటర్ పరీక్షల ఏడాది, మా అత్తగారికి మోకాలి ఆపరేషన్, ఆఫీసులో మనుషుల్ని తీసేస్తున్నారు. అక్టోబర్ చివర్లో రైల్లో కూర్చుని గ్రూపులో రాసేశాను. గ్యాస్ అంకుల్‌కి ఆరోగ్యం బాగాలేదు, ఈ ఏడాది ఆయన్ని ఎవరూ పిలవొద్దు, లైసెన్సున్న ఫిట్టర్‌ని పిలుచుకోండి అని. ముక్కు సంగతి రాయలేదు. ఆయన పరువు కాపాడాననుకున్నాను. ఎవరూ పిలవకూడదన్నది సరైన మాటే, ఇప్పటికీ అదే అంటాను. కానీ ఆయనకి చెప్పలేదు. కారు తీస్తే పది నిమిషాల దూరం. వెళ్ళి చెప్పడానికి ఒళ్ళు బద్ధకించింది, అంతకంటే ఎక్కువగా ధైర్యం చాలలేదు.

డిసెంబర్ మొదటి వారంలో ఆయనే ఫోన్ చేశారు. "ఈసారి ఎవరూ పిలవలేదమ్మాయ్" అన్నారు. అందరూ కరెంటు హీటర్లకి మారిపోతున్నారంకుల్, పైలట్లున్న ఇళ్ళే తగ్గిపోయాయి అన్నాను. నోటికి ఎంత తేలిగ్గా వచ్చిందో. ఆయన అలాగా అన్నారు. మా అత్తగారి మోకాలెలా ఉందని అడిగి పెట్టేశారు. అదే ఆయనతో నా ఆఖరి మాట.

పరామర్శకి వాళ్ళమ్మాయి ఇంటికి వెళ్ళాను. హాలు నిండా మాకు తెలిసినవాళ్ళే, ఆ పది ఇళ్ళవాళ్ళలో చాలామంది ఉన్నారు. కరీంనగర్ అబ్బాయి ఒకడు అంటున్నాడు, "పోయిన డిసెంబర్ల మేం ఫ్లైట్ ఎక్కే ముందురోజు అంకుల్ మా గేట్ కాడికి వచ్చిండు. లోపలికి రమ్మంటే రాలే. పైలట్ బంజేసినవా, వాసన నువ్వే చూసినవా అని అడిగిండు. ఇంకోపాలి చూసి రాపో, నేనీడనే ఉంటా అన్నడు." పక్కనున్నావిడ, మా గేటు దగ్గరికీ వచ్చారండీ, మంచినీళ్ళు కూడా పుచ్చుకోలేదు అంది. ఇంకొకరూ అదే చెప్పారు. వాళ్ళలో ఒక్కరు కూడా ఆయన్ని పిలవలేదు. అంత ఎండలో బస్సులు మారుకుంటూ, ఆయనంతట ఆయనే వచ్చారు. వాసన తెలియని మనిషి కాబట్టి ఏ ఇంటి గడపా తొక్కలేదు. వాళ్ళు లోపలికెళ్ళి చూసి వచ్చి లేదని చెప్పేదాకా గేటు బయటే నిలబడి, వెళ్ళిపోయారు.

వాళ్ళమ్మాయి కాఫీ ఇస్తూ నా పక్కన కూర్చుంది. "అక్టోబర్‌లో మీరు గ్రూప్‌లో పెట్టిన మెసేజ్ నేనే నాన్నకి చదివి వినిపించానండీ. మీరు ముందే ఆయనతో మాట్లాడుంటారు అనుకున్నా. ఇంకోసారి చదవమన్నారు. చాలా మంచి అమ్మాయి, కరెక్టే రాసింది అన్నారు" అంది.

అంటే డిసెంబర్లో ఫోన్ చేసేటప్పటికే ఆయనకి తెలుసు. ఆ ఒక్క మాట నా నోటితో చెప్తానేమోనని చేశారు. నేను కరెంటు హీటర్ల కథ చెప్పాను. విని, అలాగా అన్నారు.

హాల్లో ఉన్నవాళ్ళని ఒక్కొక్కరినీ కదిపి అడిగాను. రానివాళ్ళకి ఫోన్ చేశాను. ఆయన ఆ పదిళ్ళకీ వెళ్ళారు. ఆ డిసెంబర్ చివర్లో మేమూ ఇండియా వెళ్ళాం, మా ఇంటికి మాత్రం రాలేదు. నీకు అంతా నేర్పేశానన్న ధీమాతోనే రాలేదని మా ఆయన అంటాడు. నాకు నిద్ర పట్టాలని అనే మాట అది. నాకు తెలుసు. గ్రూపులో రాసిన ఆ నాలుగు ముక్కలూ ఆయన ఎదురుగా కూర్చుని చెప్పి ఉంటే, మా గేటు దగ్గర కూడా వచ్చి నిలబడేవారు.